ఉట్టి మీద పుస్తకం

ఆషాఢమాసంలో ఒక గురువారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు మా పెద్దాయన ఏలూరులో సభ అరుగు మీద ఒక నల్ల గొడుగు విప్పి ఆరబెట్టారు. టైము నాకు కచ్చితంగా తెలుసు. సభలో గోడ గడియారానికి కీ ఇవ్వడం నా పనుల్లో ఒకటి. కీ ఇచ్చి స్టూలు దిగుతూ కిటికీలోంచి చూశాను. ఆయన గొడుగు చుట్టూ ఒకసారి తిరిగి, పిడికి ఉన్న వెండి కట్టును పంచె చెంగుతో తుడిచారు. నేను చూస్తున్నానని గమనించి లోపలికి వచ్చేశారు.

ఆ గొడుగు సంగతి రాయాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను. ఆయన పోయాక, అందులో తప్పొప్పులు దిద్దేవారు లేక ఊరుకున్నాను. ఇప్పుడు మీలాంటి చిన్నవాళ్లు వచ్చి, ఆ రోజుల్లో ఊళ్లలో పురాణం చెప్పే పని ఎలా ఉండేదండీ అని అడుగుతున్నారు. గుర్తున్నంతవరకు చెబుతాను.

పందొమ్మిది వందల ముప్ఫైల్లో మాట ఇది. పురాణ కథలూ, ఆచారాలూ, కాస్త వేదాంతమూ ఊరూరా చెప్పించడానికి ఏలూరులో ఒక సభ ఉండేది. ఏదైనా ఊరు కబురు పెడితే ఇద్దరం వెళ్లేవాళ్లం. ఒకరు పద్యం చదవాలి, రెండోవారు దాని అర్థం చెప్పాలి. చదివేవాణ్ణి నేను. అర్థం చెప్పేవారు పెద్దాయన. పుస్తకాన్ని ఎర్రగుడ్డలో కట్టి నేను మోసేవాణ్ణి. నాకు ఇరవై నాలుగేళ్లు. గొంతు బాగుంటుందని పేరు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి ప్రతి పద్యాన్నీ సాగదీసి, చివరి పాదాన్ని రెండుసార్లు తిప్పేవాణ్ణి. నేను ఆపాక పెద్దాయన నా వైపు చూసి "అయిందా?" అనేవారు. అది మెచ్చుకోలు కాదని తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఆయనకి యాభై దాటాయి. చాలా చదివారు. కానీ ఊళ్లో జనం ముందు కూర్చుంటే, పక్కింటి అరుగు మీద వంకాయ మొక్కల గురించి మాట్లాడుతున్నట్టు ఉండేది. నాకు తెలిసిన మనుషుల్లో మాటను అంత జాగ్రత్తగా వాడినవారు లేరు. అలాంటి మనిషి ఒక చోట మాట్లాడాల్సినప్పుడు మాట్లాడలేదు. కథ అక్కడ మొదలవుతుంది.

వానలు పడకపోతే మన వైపు ఒక పర్వం చదివిస్తారు. దాని పేరు ఇక్కడ రాయను. ఎందుకు రాయనో తర్వాత మీకే తెలుస్తుంది. రాజ్యం పోగొట్టుకున్న అయిదుగురు అన్నదమ్ములూ, వాళ్ల ఇల్లాలూ మారువేషాలు వేసుకుని, ఒక పరాయి రాజు ఇంట్లో ఏడాదిపాటు నౌకరీ చేసే కథ అది. ఆ కథకీ వానకీ ఏం సంబంధమని అడిగితే పెద్దవాళ్లు "చదివితే పడుతుంది" అంటారు. అంతకు మించి ఎవరూ చెప్పరు.

ఆ ఏడు ఏరువాక పున్నమి వెళ్లి మూడు వారాలు దాటినా చినుకు లేదు. తాడేపల్లిగూడేనికి ఉత్తరంగా ఉన్న ఒక మెట్ట ఊరు మాకు కబురు పెట్టింది. గోదావరి కాలవ నీళ్లు గూడెం దాకా వచ్చి దక్షిణాన పల్లానికి పోతాయి. మెట్టకు ఆకాశం నుంచి పడితేనే నీళ్లు. ఆ ఊరివాళ్లు ఏ పర్వం కావాలో పేరు పెట్టి మరీ అడిగారు. తర్వాత వారం కొల్లేటి సరస్సులో దిబ్బ మీద ఉన్న ఒక లంక ఊరు మమ్మల్ని రమ్మంది. వాళ్లు "ఏదైనా మంచి కథ" అన్నారు.

మా సభ కార్యదర్శి ప్లీడరుగారు. "ఆషాఢం ప్రోగ్రాం రాసి పట్రావోయ్, అచ్చుకి ఇవ్వాలి" అన్నారు నాతో. మెట్ట ఊరి కోసం ఆ పర్వం పద్యాలు అప్పటికే వల్లించి ఉన్నాను. లంకకి ఇంకో కథ పెడితే మళ్లీ పదిహేను రోజులు గొంతు నొప్పి పుట్టేలా వల్లించాలి. కాగితం మీద రెండు ఊళ్ల ఎదురుగానూ ఒకే పర్వం పేరు రాశాను. పెద్దాయన చూడలేదు, ఊళ్లో లేరు. ప్లీడరుగారు చూశారు గానీ ఆయన కక్షిదారులందరూ మెట్టవాళ్లే. కార్డులు అచ్చయి ఊళ్లకి వెళ్లిపోయాయి.

మెట్ట ఊళ్లో తాటాకు పందిరి వేశారు. మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టి పొద్దుగుంకే వేళకి ఆపేవాళ్లం. మొదటిరోజే పెద్దాయన అన్నారు. "ఇది వింటే వాన పడుతుందని నేను చెప్పను నాయనా. ఎదురుచూడక తప్పనప్పుడు, ఏడాదిపాటు ఎదురుచూసిన వాళ్ల కథ వినడం మంచిది. అందుకు చదువుతున్నాం." జనం తలలూపారు. ఆ మాట వాళ్ల చెవుల దాకా వెళ్లిందని నేననుకోను.

మూడోరోజు నాలుగు గంటలకి వాన పడింది.

దాన్ని వర్ణించను. పడమటి నుంచి వచ్చింది, పందిరి కారిపోయింది, ఒక్కరు కూడా లేవలేదు. పుస్తకాన్ని కండువాలో చుట్టి కడుపు కింద పెట్టుకుని, కంఠతా వచ్చిన పద్యాలు వాన చప్పుడు మీద అరుస్తూ చదివాను. ముసలివాళ్లు ఏడ్చారు. ఎవరో డప్పు తెచ్చారు. పెద్దాయన్ని రెండెడ్ల బండి ఎక్కించి, బురదలో ఊరంతా తిప్పి, వెండి కట్టు పిడి ఉన్న కొత్త గొడుగు చేతికిచ్చారు. "వాన తెచ్చిన అయ్యగారు తడవకూడదండీ" అన్నాడు మునసబు.

మొదటిరోజు చెప్పిన మాట ఆయన అప్పుడు మళ్లీ చెప్పాల్సింది. చెప్పలేదు. గొడుగు విప్పి బండి మీద నిలబడ్డారు. ఆయన మొహం అంత వెలగడం నేనెప్పుడూ చూడలేదు. నా మొహమూ అలాగే ఉండి ఉంటుంది. నా గొంతుకే మబ్బు కరిగిందని ఒక ముసలాయన నా రెండు చేతులూ కళ్లకద్దుకున్నాడు. నేనూ కాదనలేదు.

ఏడు రోజులూ పూర్తిచేసి, బుధవారం సాయంత్రం రైలెక్కి ఏలూరు వచ్చాం. స్టేషన్‌లో దిగేటప్పుడు కూడా జల్లు. మర్నాడు పొద్దున ఆయన అరుగు మీద ఆరబెట్టింది ఆ గొడుగునే.

ఆ గురువారమే లంకకి బయలుదేరాం. ఏలూరులో ఎండ కాస్తోంది. సరస్సు అంచు దాకా బండి, అక్కడి నుంచి తాటి దోనె. ఎండ ఎక్కువగా ఉందని పెద్దాయన దోనెలో గొడుగు విప్పారు. దోనె నడిపేవాడు కాసేపు గెడ వేసి, గొడుగును చూసి అడిగాడు.

"పంతులుగారూ, గూడెం పక్క వాన పడేసింది మీరేనాండీ?"

"నేను పడేసేదేవుందయ్యా, పడింది" అన్నారు పెద్దాయన నవ్వుతూ.

"గొడుగిచ్చి పంపారంట కదండీ. ఇదేనాండీ అది?"

"ఇదే."

అతను గెడ నీళ్లలో గుచ్చి ఆపేశాడు. దోనె అక్కడే నిలబడిపోయింది. "కాస్త ముడిచేయండి బాబూ. మా లంకోళ్లు చూస్తే బాగోదు."

"ఏం?"

"నేను మిషన్ చర్చికి పోయేవాణ్ణండి. మీ పర్వాలతో నాకు పేచీ లేదు. కానండి, నాకూ అక్కడ అరెకరం వరి ఉంది."

అప్పుడు అర్థమైంది. కొల్లేట్లో నీళ్లు తీసిన మేర లంకవాళ్లు వరి వేస్తారు. అంతకు ముందు ఏడు నీళ్లు ఆలస్యంగా తీశాయి, నాట్లు ఆలస్యమయ్యాయి, కోత ఆషాఢం దాకా వచ్చింది. వానలు వెనకబడబట్టి ఆ వరి బతికింది. మెట్టలో కురిసిన వాన అక్కడ ఆగదు. తమ్మిలేరు, బుడమేరు అన్నీ తెచ్చి కొల్లేట్లోనే పోస్తాయి. మెట్టలో పడ్డ మొదటి వానని బీడు నేల తాగేసింది కాబట్టి సరిపోయింది. ఇంకోటి పడితే నీళ్లు లంకకే వస్తాయి. కోతకి ఎనిమిది రోజులుంది.

పెద్దాయన గొడుగు ముడిచి కాళ్ల దగ్గర పెట్టుకున్నారు. తర్వాత నన్నడిగారు. "వీళ్లు ఆ పర్వమే అడిగారా?"

నేను నీళ్లలోకి చూస్తూ "కార్డులో అదే ఉందండీ" అన్నాను. అబద్ధం కాదు.

లంక ఒడ్డున పాతికమంది నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు నలభై అయిదేళ్ల మనిషి, ఎండుచేపలు అమ్ముకునే ఆవిడ. గంప తీసుకుని రైల్లో గూడెం సంతకి వెళ్లి, పక్క ఊళ్లూ తిరిగి వస్తుంది. మెట్ట ఊళ్లో వాన పడిన రోజు మా పందిరి చివర నిలబడి విన్నదట. గొడుగు సంగతి తర్వాత సంతలో విన్నదట. మాకంటే ముందే ఊరు చేరి సంగతంతా చెప్పింది. అచ్చు కార్డు అంతకుముందే వచ్చి ఉంది. బడిపంతులు చదివి పెట్టాడు.

"రండి పంతులుగారూ, కాళ్లు కడుక్కోండి" అంది ఆవిడ. "చావిడి వెనక వంటకి ఏర్పాటుందండి. బియ్యం, కూరలు పెట్టించాం, మీరే చేసుకుందురుగాని. ఆ మూట మాత్రం ఇలా ఇచ్చేయండి."

"అది పుస్తకమమ్మా" అన్నాను.

"తెలుసండి. అందుకేనండి."

లంక పెద్ద ఆవిడ వెనక నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు. మెతక మనిషి. "ఏవీ అనుకోకండి బాబూ. మేం పిలిచిన మాట నిజమేనండి. వద్దనడం మర్యాద కాదు. అందుకని మనిషిని రమ్మని పుస్తకాన్ని వద్దంటున్నామండి."

పెద్దాయన నా చేతిలోంచి మూట తీసుకుని ఆవిడకి అందించారు. ఆవిడ రెండు చేతులా పట్టుకుని కళ్లకద్దుకుని, ఇంట్లోకి తీసుకెళ్లి ఉట్టి మీద పెట్టింది. "నేల మీద పెట్టకూడదు కదండీ" అంది బయటికొచ్చి. పక్క ఉట్టిలో ఎండుచేపల గంప ఉంది. నా మొహం చూసి పెద్దాయన మెల్లగా అన్నారు. "ఊరుకోవోయ్. మన ఇంట్లో చెదలు తినేదానికన్నా నయమే."

మర్నాడు మధ్యాహ్నం వలలు ఆరేసే మెరక మీద ఊరంతా చేరింది. పీఠం వేశారు గానీ దాని మీద పుస్తకం లేదు. లంక పెద్ద లేచి, ఎనిమిది రోజులు ఆ పర్వం ఊసెత్తొద్దని, ఇంకేదైనా కథ చెప్పమని బతిమాలాడు.

"చదివితే వాన పడదు నాయనా" అన్నారు పెద్దాయన. "పడేటట్టయితే దేశంలో కరువే ఉండదు. ఆ సంగతి గూడెం పక్క ఊళ్లోనూ చెప్పాను."

"చెప్పారంటండి, నా చెవినా పడింది" అంది ఎండుచేపలావిడ. "అది మొదటిరోజు చెప్పారటండి, వాళ్లన్నారు. వాన పడ్డాక చెప్పలేదంట. పడింది మీ వల్ల కాదంటే, మరి ఆ గొడుగెందుకు పుచ్చుకున్నారండీ?"

ఎవరూ నవ్వలేదు. నేను పెద్దాయన వైపు చూడలేక పీఠం కాళ్లు చూస్తున్నాను. ఆయన ఏ ప్రశ్నకీ తడుముకోరు. కొందరు పండితులు మూడేసి గంటలు వాదించినా ఆయన్ని ఆపలేకపోవడం చూశాను. ఇప్పుడు ఆయన ఎదురుగా ఉన్న ఖాళీ పీఠాన్ని పక్కకి జరిపారు.

"ఆశపడి పుచ్చుకున్నానమ్మా" అన్నారు చివరికి. "కాదని చెప్పాల్సిన చోట ఊరుకున్నాను. అంతమంది పొగుడుతుంటే బాగుంది."

ఇన్నేళ్ల తర్వాత రాస్తున్నా ఆ క్షణం దగ్గర చెయ్యి కాస్త తొందరపడుతోంది. జనంలో ఏదో కదిలింది. దూరంగా నిలబడ్డ వాళ్లు వచ్చి కూర్చున్నారు.

"సరే. వేరే కథ చదువుదాం" అన్నారు ఆయన, నా వైపు తిరిగి. "ఇంకేం తెచ్చావోయ్?"

నేనేమీ తేలేదు. నాకు ఇంకేమీ రాదు. అంతమంది ముందు లేచి నిలబడి, ప్రోగ్రాం రాసింది నేనేనని, కొత్త పద్యాలు వల్లించడానికి బద్ధకించి రెండు ఊళ్లకీ ఒకటే రాశానని చెప్పేశాను.

వెనక నుంచి ఎవరో అన్నారు. "పాపం, ఒక్క కూతే వచ్చిన పిట్టండి." అప్పుడు నవ్వారు, అందరూ, చాలాసేపు.

నవ్వులు ఆగాక ఎండుచేపలావిడే దారి చూపింది. "అయితే ఆ కథే చెప్పండి పంతులుగారూ. పద్యం లేకుండా చెప్పండి. వాన పద్యానికి పడుద్ది గానీ మామూలు మాటకి పడదు కదండీ. ఆ మహారాణి పరాయివాళ్లింట్లో జడలేసే పనిలో చేరింది. అంతలో వాన వచ్చేసి నేను రైలుకి పరిగెత్తాను. తర్వాత ఏవైందో తెలీక అప్పట్నుంచీ మనసు లాగుతోందండి."

పెద్దాయన నన్నడిగారు. "ఏవోయ్, మామూలు మాటకి వాన పడుతుందని శాస్త్రంలో ఉందా?"

"ఎక్కడా లేదండీ."

"అయితే చెబుతాను."

అలా మొదలైంది. నా ఉద్యోగ జీవితంలో అలాంటి నాలుగు రోజులు మళ్లీ రాలేదు. పద్యం లేదు కాబట్టి నాకు పని లేదు. జనంలో కూర్చుని విన్నాను. ఎప్పుడూ ఆయన పక్కన కూర్చుని, నా తర్వాతి పద్యం కోసం చూసుకోవడమే తప్ప ఆయన చెప్పేది నేనెప్పుడూ పూర్తిగా వినలేదు. ఆ సంగతి అప్పుడు తెలిసింది.

రాజుల్లో ఒకాయన వంటవాడిగా చేరాడని చెబితే ఒక ముసలమ్మ అడిగింది. "మొదట్రోజు కూరలో ఉప్పెక్కువేశాడాండీ?"

"పుస్తకంలో లేదమ్మా" అన్నారు. "వేసే ఉంటాడు."

మర్నాటికి పక్క లంకల నుంచి దోనెలు వచ్చాయి. మూడింటి కథకి ఒంటిగంటకే వచ్చి చోటు పట్టుకున్నారు. దోనె నడిపే అతను కూడా వెనక కూర్చున్నాడు. "పంతులుగారూ, నాదో మాటండి" అన్నాడు. "ఏడాదిపాటు వాళ్లు తమవి కాని పేర్లు చెప్పుకున్నారు కదండీ. అది అబద్ధం కాదాండీ? ధర్మరాజులంటిరి."

"మంచి మాట అడిగావు. నాకు వెంటనే తోచడం లేదు. రేపు చెబుతాను" అన్నారు.

ఆయన రేపు అనడం నేను వినడం అదే మొదటిసారి. మర్నాడు ఆయన చెప్పకముందే ఎండుచేపలావిడ అందుకుంది. "సంతలో నేను ఎండుచేపల మనిషినండి. ఇక్కడ నలుగురు పిల్లల తల్లిని. దేనికి పిలిస్తే దానికి పలుకుతాను. లోపలుండేదాన్ని ఎవరూ పిలవరు, అది అలా ఉంటదండి. వాళ్లూ అంతేనేమో."

పెద్దాయన దోనెవాడితో "నేను చెప్పాలనుకున్నది ఇంతకంటే పొడుగ్గా ఉంది. ఇది చాలు" అన్నారు.

నాలుగోరోజు సోమవారం. కథ సగంలో ఉండగా ఆయన ఆపేశారు. ఏలూరు వైపు ఆకాశం నల్లబడి ఉంది. జనం ముందే చూశారు, మమ్మల్ని నొప్పించకూడదని ఎవరూ అనలేదు.

"పంతులుగారూ, పడుద్దంటారా?" అని అడిగింది ఎండుచేపలావిడ. ఆవిడ గొంతులో వేళాకోళం లేదు.

అందరూ ఆయన మొహం చూస్తున్నారు. ఇప్పుడు కోస్తే ఇంకా నాలుగు రోజుల పచ్చి, గింజ తాలైపోతుంది. కోయకుండా వాన వస్తే అసలు గింజే దక్కదు. ఆ ఊరికి ఏడాది తిండి అది.

"నాకు తెలియదమ్మా" అన్నారు. "తెలుసన్నట్టు ఒకసారి బండెక్కాను, ఇంకోసారి ఎక్కను. కానీ ఆ మబ్బు చూస్తే నాకు భయంగా ఉంది. నా పొలం చెక్క అయితే ఈ పూటే కోస్తాను."

లంక పెద్ద తటపటాయించాడు. ఆవిడ లేచి కొంగు బిగించింది. "తెలీదన్న మనిషి మాట నమ్మొచ్చండి. కొడవళ్లు తీయండర్రా."

"మరి కథో?" అంది ఉప్పు సంగతి అడిగిన ముసలమ్మ.

"చేతులకే కదా పని, చెవులు ఖాళీయే" అన్నారు ఎవరో. పెద్దాయన చెప్పులు విడిచి గట్టు మీద నడవడం మొదలుపెట్టారు. కోత మనుషులు పొలమంతా పరుచుకుని ఉన్నారు, ఆయన గొంతు చిన్నది. ఆయన ఒక వాక్యం చెప్పేవారు, నేను ఆ చివరి వరకు వినపడేలా అరిచి చెప్పేవాణ్ణి. సాగదీస్తే వాక్యం ముక్కలై అర్థం పోయేది. పది వాక్యాలయ్యేసరికి రాగం వదిలేశాను. ఉన్నది ఉన్నట్టు, గట్టిగా, ఆఖరి మాట దాకా. గొంతు ఎందుకుంటుందో ఆ పొలం గట్టు మీద తెలిసింది. రాణిని అవమానించిన వాడికి శిక్ష పడే ఘట్టం వచ్చేసరికి కొడవళ్ల వేగం పెరగడం చూశాను. పెద్దాయన కూడా చూసి, ఆ ఘట్టం కాస్త పెంచారు.

చీకటి పడేవేళకి సగం పొలం అయింది. మర్నాడు తెల్లవారుతూనే మళ్లీ దిగారు. నేను స్నానానికి సరస్సులో దిగాను. గొంతు బొంగురుపోయింది, కాస్త సవరించుకుందామని ఏదో అన్నాను. అది పద్యమని నాలుగో పాదానికి వచ్చాక గానీ తెలియలేదు. నోరు మూసుకుని చుట్టూ చూశాను. ఎవరూ లేరు.

మూడు గంటలకి వాన వచ్చింది.

అప్పటికి అందరి పనలూ మెరక మీదికి చేరాయి, ఎండుచేపలావిడవి తప్ప. ఆవిడ చెక్క చివరన, పల్లంలో ఉంది. అందరివీ అయ్యాక తనది చూద్దామంది. ఊరంతా ఆ చెక్కలోకి దూకింది. పెద్దాయన పంచె ఎగగట్టి దిగారు, నేనూ దిగాను. నేను కోసింది వరి కంటే వేలే ఎక్కువ. నీళ్లు చీలమండ దాటి పిక్కలకి వచ్చాయి. పనలు నెత్తిన పెట్టుకుని ఒకళ్లకొకళ్లం అందించుకుంటూ మెరక ఎక్కించాం. దోనెవాడు దోనెనే పొలంలోకి తెచ్చేశాడు. అరుపులు, నవ్వులు, తిట్లు. ముసలమ్మ గట్టు మీద నిలబడి కథ చెప్పమని నన్ను కేకలేస్తోంది. ఆవిడ పంట సగం దక్కింది. మిగిలింది కళ్ల ముందే మునిగింది.

ఆవిడ ఆఖరి పన నెత్తిన పెట్టుకుని వస్తుంటే ఎదురెళ్లాను. "అమ్మా, మీకొక మాట చెప్పాలి."

"ఇప్పుడాండీ?"

"పొద్దున స్నానం చేస్తూ అలవాటుకొద్దీ ఒక పద్యం అన్నాను."

ఆవిడ నిలబడింది. నెత్తి మీద పనలోంచి నీళ్లు మొహం మీదకి కారుతున్నాయి. "పూర్తిగానాండీ?"

"నాలుగు పాదాలూ."

"రాగంతోనా?"

"రాగంతోనే."

మునిగిన చెక్క వైపు ఒకసారి చూసింది. నేను చదివితే వాన పడుతుందని ఏనాడూ నమ్మినవాణ్ణి కాదు. అయినా ఆవిడ ఏమంటుందోనని ఆ మొహమే చూస్తూ నిలబడ్డాను.

"ఒక్క పద్యానికి ఇంత వాన పడదులెండి" అంది. "ఇది గూడెం పక్కోళ్ల వాటాలో మిగిలిందై ఉంటుంది. మీరు ఇదవ్వకండి." రెండడుగులు వేసి మళ్లీ తిరిగింది. "కానండి, ఒక మాటివ్వండి. ఆ పర్వం పేరు మీ నోట ఇంకెప్పుడూ అనకండి. మా కొల్లేరు వింటది."

మాటిచ్చాను. అందుకే రాయలేదు.

పెద్దాయన ఆవిడ కుప్ప దగ్గర నిలబడి ఉన్నారు. మరుసటి ఏడు విత్తనానికని విడిగా పెట్టిన నాలుగు పనల మీద గొడుగు విప్పి పెట్టి, పిడిని పనల కట్టులో దూర్చి నిలబెట్టారు. లంక విడిచి వచ్చేటప్పుడు దాన్ని అక్కడే వదిలేశారు. మిగిలిన రెండు రోజులూ లంక పెద్ద ఇంటి పంచలో కూర్చుని కథ పూర్తిచేశాం. పుస్తకం ఉట్టి దిగింది. దానికి పట్టిన ఎండుచేపల వాసన ఎన్నేళ్లకీ పోలేదు. తర్వాత ఏ అగ్రహారంలో మూట విప్పినా ముందు వరసవాళ్లు ఒకరినొకరు అనుమానంగా చూసుకునేవారు. పెద్దాయన మాత్రం ఏమీ తెలియనట్టు కూర్చునేవారు.

ఆ నెల నుంచి మా కార్డుల మీద తేదీ మాత్రమే అచ్చు వేయించారు. కథ పేరు ఉండాల్సిన చోటు ఖాళీ. ప్లీడరుగారు ఒప్పుకోలేదు, పెద్దాయన వినలేదు. ఏ ఊరు వెళ్లినా మూట విప్పే ముందు "మీకు ఈ ఏడు ఏం అవసరమో చెప్పండి, అది చదువుతాం" అనేవారు. జనం మొదట బిత్తరపోయేవారు. తర్వాత చెప్పేవారు. అన్నదమ్ములు కోర్టుకెక్కిన ఒక ఊరు పంపకాల కథ వద్దంది. పిల్లలు పోయిన ఏడు ఇంకో ఊరు, ఏడుపు లేనిది ఏదైనా చెప్పమంది. వాళ్లు ఏది అడుగుతారో తెలియదు కాబట్టి నేను అన్నీ నేర్చుకోవాల్సి వచ్చింది. నా చదువంతా అలా వచ్చిందే.

ఆ దశకం పూర్తికాకుండానే పెద్దాయన జ్వరంతో పోయారు. నేను ఆకివీడులో ఉన్నాను. ఆయన బదులు అర్థం చెప్పడానికి నేను ఒక ఊరికి ఒంటరిగా వెళ్లడం అదే మొదలు. ఏం చదవమంటారని జనాన్ని అడిగి కూర్చున్నప్పుడు ఆ కబురు వచ్చింది. వాళ్లు అడిగిన కథ చెప్పి బయలుదేరాను. వెళ్లేసరికి అంతా అయిపోయింది.

ఎవరికి చెప్పాలో తెలియక ఒక సంత రోజున గూడెం వెళ్లాను. ఎండుచేపలావిడ గంప ముందు కూర్చుని ఉంది. నెత్తి మీద ఆ గొడుగే. "ఎండకే వాడుతున్నానండి, వానకి కాదు" అంది నన్ను చూస్తూనే, నవ్వుతూ. సంగతి చెప్పాను. ఆవిడ గొడుగు ముడిచి పక్కన పెట్టుకుంది. చాలా ఎండగా ఉంది. నేను లేచేదాకా మళ్లీ విప్పలేదు.

తర్వాత నేను ఇంకా కొన్నేళ్లు ఆ పని చేశాను. ఇప్పుడూ సభలున్నాయి, మైకులున్నాయి, నాకంటే బాగా చదువుకున్నవాళ్లు చెబుతున్నారు. ఏ రోజు ఏ కథో ముందే అచ్చు వేసి గోడలకి అంటిస్తారు. మూట విప్పే ముందు ఊరిని అడగడం ఇప్పుడు లేదు.